చెన్నైలో పాట, తెల్లవారేసరికి నెల్లూరు: ఇండీ, జానపద రాక్ కచేరీలకు వెళ్లివచ్చే పద్ధతి

"పాట వినడానికి రైలెక్కి మద్రాసు పోవాలా? ఫోనులో రాదా?" అని మా అమ్మ మొదటిసారి అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ల తర్వాత ఒక శనివారం ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. తిరిగి వస్తుంటే సూళ్లూరుపేట దగ్గర నిద్రలోంచి లేచి, "ఆ డప్పు దెబ్బ ఇంకా ఇక్కడే ఉందిరా" అని గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. ఫోనులో రానిది అదే.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాటకు కొదవ లేదు. వినాయక చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రాలు, తిరునాళ్లలో బుర్రకథలు, నెల్లూరు పురమందిరంలో సంగీత సభలు ఉన్నవే. బాలసుబ్రహ్మణ్యం సొంత జిల్లాలో ఉంటూ పాటలు లేవంటే కళ్లు పోతాయి. అయితే సొంతంగా పాట కట్టుకుని, గిటారు పక్కన కంజీరనో డప్పునో పెట్టుకుని పాడే బ్యాండ్లు మన దాకా రావడం అరుదు. ఆ బ్యాండ్లకు చెన్నై, హైదరాబాద్, బెంగళూరు బస్సు స్టాపు లాంటివి. మనమే అక్కడికి వెళ్లాలి.

నగరంలో ఉండేవాళ్లు కచేరీని మొదటి నుంచి ఆలోచిస్తారు. ఎవరు పాడుతున్నారు, టికెట్ ఎంత, ఎక్కడ అని. మనం చివరి నుంచి ఆలోచించాలి. తిరుగు రైలు ఎన్నింటికి, దానికి ఎన్నింటికి హాలు వదలాలి, అలా వదిలితే ఎంత పాట దక్కుతుంది అని. ఈ లెక్క తిరగేసి వేసుకోవడం నేర్చుకోవడానికి నాకు సెంట్రల్ స్టేషన్లో రెండు రాత్రులు పట్టాయి. మీకు పట్టకూడదని ఇది రాస్తున్నాను.

మొదట, ఎవరిని వినాలో తేల్చుకోవడం

ఇండీ అంటే సినిమా కోసం కాకుండా తమ పాట తామే రాసుకుని, తామే రికార్డు చేసుకుని, ఊరూరా తిరిగి వినిపించేవాళ్లు. ఊరి పాటకు, ఊరి వాయిద్యానికి ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్ తోడైతే జానపద రాక్. అమెరికాలో ఈ మాట 1965లో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ ఏడాది జులై 25న న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని వేదిక ఎక్కితే జనంలో కొందరు గోల చేశారు. హరికథలో కీబోర్డు పెడితే మన పెద్దలు చేసే గోలే అది.

మన దేశంలో ఈ దారిన నడిచినవాళ్లు తక్కువేమీ కాదు. ఢిల్లీలో 1990లో మొదలైన ఇండియన్ ఓషన్ ఇప్పటికీ వేదికల మీద ఉంది. మైసూరు నుంచి వచ్చిన రఘు దీక్షిత్ బృందం శిశునాళ షరీఫ్ పాటలను గిటారు మీద పాడుతుంది. షరీఫ్ పందొమ్మిదో శతాబ్దపు కన్నడ తత్వకవి. మన బైరాగి తత్వాలు చెవిన పడ్డవాళ్లకు ఆయన పాట పరాయిగా అనిపించదు. బెంగళూరు స్వరాత్మదీ ఇదే బాట. కేరళ నుంచి అవియల్, తైక్కుడం బ్రిడ్జ్, ఇంకాస్త మెత్తగా వినిపించే వెన్ చాయ్ మెట్ టోస్ట్ ఉన్నాయి. అగం బృందం కర్ణాటక కృతులను రాక్‌లోకి తెస్తుంది. త్యాగరాజ కీర్తన మీద డ్రమ్స్ పడితే ఓర్చుకోగలిగిన వాళ్లు మాత్రమే వెళ్లండి. చెన్నైలో కాస్ట్‌లెస్ కలెక్టివ్ 2018 జనవరిలో మొదటి కచేరీ చేసింది. ఉత్తర చెన్నై బస్తీల్లో పాడుకునే గానా పాటకు రాక్, ర్యాప్ కలిపి కులం గురించి సూటిగా పాడతారు. తెలుగులో హైదరాబాద్ చౌరస్తా బృందం ముందు గుర్తొస్తుంది. ఇప్పుడు సినిమాల్లో వినిపిస్తున్న రామ్ మిరియాల ఆ బృందం నుంచి వచ్చినవాడే.

మొదటి కచేరీకి పెద్ద పేరున్న బ్యాండునే ఎంచుకోనక్కర్లేదు. మూడు వందల మంది పట్టే గదిలో పేరు తెలియని నలుగురు వాయిస్తుంటే పాటగాడి ఊపిరి వినిపిస్తుంది. పాతిక వేల మంది మైదానంలో ఆ పాటగాడు తెర మీద కనిపించే బొమ్మ. రెండింటికీ వెళ్లాను. మూడున్నర గంటలు ప్రయాణం చేసి తెర చూడటం నాకు నచ్చలేదు.

ఏ నగరం

నెల్లూరు వాళ్లకు చెన్నై. ఇందులో చర్చ లేదు. రైలు దారిలో సుమారు 176 కిలోమీటర్లు. ఒంగోలు నుంచి చెన్నై దాదాపు 290. అక్కడివాళ్లకు కూడా పగటిపూట వెళ్లి మర్నాడు తెల్లవారుజామున ఇల్లు చేరడం సాధ్యమే.

హైదరాబాద్ అయితే రాత్రి ప్రయాణం తప్పదు. గూడూరు నుంచి సికింద్రాబాద్ వెళ్లే సింహపురి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ వంటి చోట్ల చిన్న కచేరీలు తరచూ జరుగుతాయి. బయలుదేరే ముందు వాళ్ల నెలవారీ పట్టిక చూస్తే సరిపోతుంది. అక్కడ టీ, సమోసా కూడా బాగుంటాయి కానీ అది వేరే విషయం.

మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ల లెక్క వేరు. మీకు చెన్నై కంటే బెంగళూరు సుళువు. గుంటూరు, నంద్యాల దారిలో వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మీ ఊళ్ల మీదుగానే బెంగళూరు చేరుతుంది. ఈ సంగీతానికి బెంగళూరును మించిన ఊరు దక్షిణాదిలో లేదు. ఒక రోజులో వెళ్లిరావాలని మాత్రం అనుకోవద్దు.

నేను ఎక్కువగా వెళ్లేది చెన్నైకే కాబట్టి ఇక్కడి నుంచి చెన్నై ఉదాహరణతోనే చెబుతాను.

తిరుగు రైలు నుంచి వెనక్కి లెక్క

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదవగలిగితే ఇది చదవండి.

కచేరీ ఎప్పుడు ముగుస్తుందో టికెట్ మీద ఉండదు. అయినా ఊహించవచ్చు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా, పండుగలకో సాంస్కృతిక ఉత్సవాలకో రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. అందువల్ల మైదానంలో జరిగే కచేరీ సాధారణంగా పదికి ఆగిపోతుంది. నాలుగు గోడల మధ్య, ముఖ్యంగా పబ్బులో జరిగేది పదకొండు దాటవచ్చు. ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, తిరుగు రైలు పట్టుకోవాల్సిన మనకు మైదానమే నమ్మకమైనది.

ఇప్పుడు వెనక్కి రండి. నందనం వైఎంసీఏ మైదానంలో కచేరీ అనుకుందాం. పది గంటలకు పాట ఆగింది. జనంతో పాటు గేటు దాటడానికి అరగంట. నందనం మెట్రో స్టేషన్ నుంచి సెంట్రల్‌కు రైలు మారకుండా ఆరు స్టేషన్లు. మెట్రో రాత్రి 11 ప్రాంతంలో ఆగిపోతుంది. కాబట్టి పదిన్నరకల్లా మెట్రోలో ఉంటే 11 లోపు సెంట్రల్‌లో ఉంటారు. తిరుగు రైలు 11.30 తర్వాతది అయితే చివరి పాట దాకా ఉండవచ్చు. 11 లోపుది అయితే చివరి మూడు పాటలు వదులుకోవాలి. బ్యాండ్లు తమ మంచి పాటను చివరికే దాచుకుంటాయి. అందుకని నేను తొందరగా వెళ్లే రైలు కంటే ఆలస్యంగా వెళ్లేదాన్నే ఎంచుకుంటాను, నెల్లూరులో మూడింటికి దిగాల్సి వచ్చినా సరే.

అదే కచేరీ తూర్పు తీర రహదారి వైపు ఉంటే లెక్క మొత్తం మారుతుంది. ఆ రోడ్డు మీద మెట్రో లేదు. కచేరీ విడిచాక వేలమంది ఒకేసారి క్యాబుల కోసం ఫోన్లు నొక్కుతారు. ఆ రాత్రికి రైలు ఆశ వదిలేసి, అక్కడికి దగ్గరలో గది తీసుకోవడమే మంచిది. 2023 సెప్టెంబరులో ఆ రోడ్డు మీద జరిగిన ఒక భారీ కచేరీలో టికెట్లు చేతిలో ఉన్నవాళ్లే వేలమంది లోపలికి వెళ్లలేక వెనుదిరిగారు. ట్రాఫిక్ గంటల తరబడి నిలిచిపోయింది.

ఇక రైలు టికెట్ దగ్గర మూడు మెలికలు ఉన్నాయి. మూడింటిలోనూ నేను ఇరుక్కున్నాను.

ఒకటి, తేదీ. శనివారం కచేరీ అయ్యాక అర్ధరాత్రి 12.20కి రైలు ఉంటే అది ఆదివారం రైలు. శనివారం తేదీకి కొంటే మీ బెర్తు ముందు రోజు రాత్రే మీరు లేకుండా వెళ్లిపోయి ఉంటుంది. నేను చేతిలో ఖాయమైన టికెట్‌తో, లేని బెర్తు కోసం బోగీ అంతా వెతికాను. టీసీ నా టికెట్ చూసి నవ్వకుండా ఉండటానికి పడ్డ కష్టం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

రెండు, స్టేషన్. రిజర్వేషన్లో సెంట్రల్ పేరు ఎంజీఆర్ చెన్నై సెంట్రల్ అని కనిపిస్తుంది. కానీ మన వైపు వచ్చే రైళ్లన్నీ అక్కడి నుంచే బయలుదేరవు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ వంటివి తాంబరం నుంచి ఎగ్మూరు మీదుగా వస్తాయి. సెంట్రల్ నుంచి ఎగ్మూరు మెట్రోలో ఒక్క స్టేషన్ దూరమే. ఆ సంగతి ముందే తెలిస్తే ఇబ్బంది లేదు. రైలు కదిలే సమయానికి తెలిస్తేనే ఇబ్బంది.

మూడు, జనరల్ టికెట్. రెండు వందల కిలోమీటర్ల లోపు ప్రయాణానికి రిజర్వేషన్ లేని టికెట్ కొంటే మూడు గంటల్లోపు, లేదా ఆ దారిలో వెళ్లే మొదటి రైలు బయలుదేరే లోపు ప్రయాణం మొదలుపెట్టాలి. చెన్నై, నెల్లూరు దూరం ఈ లెక్కలోకే వస్తుంది. అంటే పొద్దున దిగగానే రాత్రికి టికెట్ కొని జేబులో పెట్టుకుంటే చెల్లదు. ఒంగోలు దూరం రెండు వందలు దాటుతుంది కాబట్టి అక్కడి వాళ్లు మూడు రోజుల ముందు కూడా కొనుక్కోవచ్చు. మా ఒంగోలు మిత్రుడు ఈ విషయంలో నన్ను చాలా ఏళ్లుగా ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. కచేరీ టికెట్లు సాధారణంగా నెల ముందు అమ్మకానికి వస్తాయి. అప్పటికి శనివారం రాత్రి రైళ్లు నిండుతూ ఉంటాయి. కాబట్టి కచేరీ ప్రకటన వినిపించగానే ముందు రైలు, తర్వాత కచేరీ. రైలు టికెట్ రద్దు చేసుకుంటే కొంత డబ్బు తిరిగొస్తుంది, కచేరీ టికెట్‌కు చాలావరకు రాదు. తత్కాల్ ముందు రోజు ఏసీకి పదింటికి, స్లీపరుకు పదకొండింటికి మొదలవుతుంది. దాని మీద ఆశ పెట్టుకున్నవాళ్లు దేవుడి మీద కూడా పెట్టుకోవాలి.

రైలు కుదరకపోతే బస్సు. ఆంధ్ర వైపు బస్సులు చాలావరకు మాధవరం బస్టాండు నుంచి నడుస్తాయి. అది నగరానికి ఉత్తరాన ఉంది. దక్షిణాన ఉండే వేదిక నుంచి అక్కడికి చేరడానికే గంట పడుతుందని గుర్తుంచుకోండి. సొంత కారులో వెళ్లి అర్ధరాత్రి మూడు గంటలు నడుపుకుంటూ రావడం నేను ఒక్కసారే చేశాను. మూడు గంటలు నిలబడి గంతులు వేసిన ఒంటికి జాతీయ రహదారి మీద కునుకు రాక ఏమొస్తుంది. మళ్లీ చేయలేదు.

కచేరీ టికెట్ కొనడం

బుక్‌మైషో, డిస్ట్రిక్ట్, స్కిల్‌బాక్స్ యాప్‌లలో చాలావరకు దొరుకుతాయి. వాటికంటే ముందు బ్యాండు ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూడండి. సరైన లింకు, వేదిక మారితే ఆ కబురు ముందు అక్కడే కనిపిస్తాయి. సంగీత కచేరీ టికెట్ 500 రూపాయల దాకా జీఎస్‌టీ పడదు, దాటితే 18 శాతం. చిన్న కచేరీల టికెట్లు చాలాసార్లు 499 దగ్గర ఆగడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. పైన యాప్ వాళ్ల రుసుము వేరే ఉంటుంది.

టికెట్ పేజీలో చిన్న అక్షరాల్లో మూడు విషయాలు చూడాలి. మొదటిది వయసు. తమిళనాడులోనూ తెలంగాణలోనూ మద్యం తాగడానికి చట్టం పెట్టిన వయసు 21. పబ్బులో కచేరీ అయితే అంతకంటే చిన్నవాళ్లను చాలాచోట్ల లోపలికే రానివ్వరు, మీరు తాగేది నిమ్మరసమే అయినా. డిగ్రీ చదివే తమ్ముడినో చెల్లెలినో తీసుకెళ్లాలనుకుంటే ఆడిటోరియం, మాల్ ప్రాంగణం, కాలేజీ ఉత్సవం చూసుకోండి. జనవరిలో ఐఐటీ మద్రాస్ సారంగ్ ఉత్సవం ఇందుకు బాగుంటుంది. రెండోది, కూర్చోవడమా నిలబడటమా. పెద్దవాళ్లను తీసుకెళ్తే ఇది ముఖ్యం. మూడోది, బయటికి వెళ్తే మళ్లీ రానిస్తారా. చాలాచోట్ల రానివ్వరు. 'టీ తాగి వస్తాను' అని బయటికి వచ్చి సగం కచేరీ గోడ అవతలి నుంచి విన్న చరిత్ర నాకుంది.

అపరిచితుల దగ్గర మిగులు టికెట్ కొనకండి. క్యూఆర్ కోడ్ బొమ్మను పదిమందికి అమ్మినా గేటు దగ్గర మొదట వచ్చినవాడే లోపలికి వెళ్తాడు.

కాలం సంగతి కూడా. చెన్నైలో డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఆరుబయట కచేరీలకు మంచి రోజులు. అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా ఈశాన్య రుతుపవనాలవి. నెల్లూరు వాళ్లకు ఆ వానల గురించి చెప్పేదేముంది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు చెన్నైని ముంచింది, మన దారిలో రైళ్లు రద్దయ్యాయి. ఆ నెలల్లో పైకప్పు ఉన్న హాలుకే టికెట్ కొనండి.

వెళ్లే ముందు వారం

పాటలు వినండి. ఇది చెప్పాలా అనిపిస్తుంది కానీ చాలామంది వినకుండానే వస్తారు. భాష రాని పాట మొదటిసారి వేదిక మీద వింటే చప్పుడు ఎక్కువగా, పాట తక్కువగా వినిపిస్తుంది. నాలుగైదు పాటలు వారం రోజులు వింటే, పల్లవి అర్థం కాకపోయినా నోటికి వస్తుంది. జానపద రాక్‌లో సగం ఆనందం జనం అందుకుని పాడటంలో ఉంది. బుర్రకథలో వంతపాట పాడేవాళ్లు లేకపోతే కథకుడు ఎంత చెప్పినా తేలిపోతుంది కదా, ఇక్కడ వంత మనమే. నేను కన్నడం రాకుండానే కన్నడ పల్లవులు పాడతాను. పక్కన మైసూరు కుర్రాడు ఒకడు నా ఉచ్చారణ విని భుజం తట్టాడు. అది మెచ్చుకోలో ఓదార్పో తెలియలేదు.

ఆ రోజు ఒంటి మీద, జేబులో

నూలు చొక్కా, వేళ్లు కప్పే బూట్లు. చెన్నై ఉక్కలో జీన్స్ కూడా బరువే. చెప్పులతో వెళ్తే మూడో పాటకు ఎవరి మడమో మీ బొటనవేలి మీద ఉంటుంది.

సంచి లేకుండా వెళ్లడం మేలు. నీళ్ల సీసా, బయటి తిండి, లైటరు, లెన్సు మార్చే కెమెరా గేటు దగ్గర ఆపేస్తారు. కొన్నిచోట్ల పవర్ బ్యాంకు కూడా. ఒకసారి నా పవర్ బ్యాంకును గేటు పక్కన బుట్టలో పడేయమన్నారు. తిరిగి వచ్చేసరికి బుట్ట కూడా లేదు. సామాను ఉంటే సెంట్రల్ స్టేషన్ క్లోక్‌రూములో పెట్టండి. దానికి రైలు టికెట్ ఉండాలి, సంచికి తాళం వేసి ఉండాలి. చిన్న తాళం ఇంటి నుంచే పట్టుకెళ్తే స్టేషన్ బయట కొనే పని తప్పుతుంది.

జేబులో గుర్తింపు కార్డు, కొంత నగదు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు. టికెట్‌ను ఇంట్లోనే తెరిచి ఫోనులో దాచుకోండి. వేలమంది ఒకచోట చేరితే నెట్ రాదు, గేటు దగ్గర యాప్ తెరుచుకోదు. అదే కారణం చేత స్నేహితులతో వెళ్తే తప్పిపోయినప్పుడు కలుసుకునే చోటు లోపలికి వెళ్లగానే అనుకోవాలి. 'ఫోను చేస్తాలే' అనే మాట అక్కడ పనికిరాదు. ఆడపిల్లలు వెళ్తుంటే తిరుగు ప్రయాణం క్యాబు నంబరు ఇంట్లో ఒకరికి పంపడం, నడిచే దారి తక్కువ ఉన్న మెట్రో స్టేషన్ చూసుకోవడం మరిచిపోకండి.

అయిదున్నరకే గట్టిగా తినేయండి. లోపల తిండి ఖరీదు ఎక్కువ, రుచి తక్కువ. మా అమ్మ పులిహోర పొట్లం తెచ్చి గేటు దగ్గర కాపలా వాళ్లకే పెట్టింది. వాళ్లు తిని, బాగుందన్నారు. లోపలికి మాత్రం రానివ్వలేదు.

లోపల ఎక్కడ నిలబడాలి

ప్రకటించిన సమయం గేట్లు తెరిచే సమయం కావచ్చు, పాట మొదలయ్యే సమయం కావచ్చు. రెంటి మధ్య గంట, గంటన్నర తేడా ఉంటుంది. ముందు ఒకటో రెండో కొత్త బ్యాండ్లు పాడతాయి. నగరం వాళ్లు వాటిని వదిలేసి ఆలస్యంగా వస్తారు. మనం ఎలాగూ మధ్యాహ్నమే దిగి ఉంటాం కాబట్టి అవి కూడా వినండి. నాకిప్పుడు ఇష్టమైన బ్యాండ్లలో రెండింటిని అలా సగం ఖాళీ మైదానంలోనే మొదట విన్నాను.

వేదికకు ఆనుకుని నిలబడితే బాగా వినిపిస్తుందని అందరూ అనుకుంటారు. వినిపించదు. అక్కడ మీకు అందేది డ్రమ్ముల నేరు శబ్దం, పక్క స్పీకరులోంచి వచ్చే దడదడ. గొంతు ఎక్కడో తల మీది నుంచి దాటిపోతుంది. జనం మధ్యలో కంచె వేసి, మీటల బల్ల ముందు ఒకాయన కూర్చుని ఉంటాడు. ఆయన సౌండ్ ఇంజనీరు. ఏ వాయిద్యం ఎంత వినిపించాలో ఆయన తన చెవులకు వినిపించేదాన్ని బట్టే సరిచేస్తాడు. కాబట్టి ఆయన ముందు రెండు మూడు గజాల దూరంలో, వేదిక మధ్యకు ఎదురుగా నిలబడితే ఆయన వింటున్న పాటే మీకూ అందుతుంది. జానపద రాక్‌కు ఇది మరీ ముఖ్యం. కంజీర, వేణువు, వయొలిన్ వంటి సన్నని శబ్దాలు డ్రమ్స్ కింద నలిగిపోకుండా వినిపించేది అక్కడే. చిన్న గదిలో అయితే గోడ మూలలకు వెళ్లకండి. మూలల్లో బరువు శబ్దం పేరుకుని పాటంతా గుమ్ముగా, బురదగా మారుతుంది.

చెవుల మాట. కచేరీలో శబ్దం 100 డెసిబెల్స్ దాటడం మామూలే. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటల దాకా ఉండవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. ఆ ప్రకారం 100 దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలే. కచేరీ చూస్తే రెండు గంటలు. మందుల దుకాణంలో దొరికే స్పాంజి ప్లగ్గులు పదీ ఇరవై రూపాయలకు వస్తాయి. వాటిని వేళ్లతో నలిపి సన్నగా చేసి, చెవిని పైకి లాగి లోపలికి దూర్చి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. పైపైన పెడితే ఉపయోగం లేదు. వాటితో పాట కాస్త మసకగా వినిపిస్తుంది. తరచూ వెళ్లేవాళ్లు సంగీతకారులు వాడే ఫిల్టరు ప్లగ్గులు కొనుక్కోండి, అవి అన్ని స్వరాలనూ సమానంగా తగ్గిస్తాయి. చిన్నపిల్లలకు చెవులను మొత్తం కప్పేవి కావాలి. నా మొదటి కచేరీ తర్వాత రెండు రోజులు చెవుల్లో కీచురాళ్లు అరిచాయి. అప్పుడు దాన్ని గొప్పగా చెప్పుకున్నాను. అలా మోగడం చెవి లోపల దెబ్బ తగిలిందనడానికి గుర్తని తర్వాత తెలిసింది.

నలుగురిలో ఉన్నప్పుడు

ఫోను పైకెత్తి పాటంతా తీయకండి. ఒక్క పాట తీసుకుని జేబులో పెట్టేయండి. ఆ వీడియోలో ఎలాగూ మీ పక్కవాడి గొంతే ఎక్కువ వినిపిస్తుంది. గిటారు ఒక్కటే మోగుతున్న మెత్తని పాటలో మాట్లాడుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. మన సినిమా హాళ్ల ఈలలు, కేకలు ఇక్కడ పనికొస్తాయి కానీ పాట మధ్యలో కాదు, పాట ముగిసే క్షణంలో. మధ్యలో సినిమా పాట పాడమని అరిచేవాడు ప్రతి కచేరీలోనూ ఒకడుంటాడు. వాడు మన ఊరివాడు కాకూడదని నా మొక్కు.

ఊపిరాడనంత ఒత్తిడి అనిపిస్తే జనానికి ఎదురు తోసుకుంటూ వెనక్కి రావద్దు. చేతులను ఛాతీ ముందు మడిచి, ఏటవాలుగా పక్కకు జరుగుతూ అంచుకు చేరాలి. లోపలికి వెళ్లగానే బయటి దారులు రెండైనా చూసి పెట్టుకోవడం ఇందుకే.

గేటు దగ్గర చిన్న బల్ల మీద బ్యాండు వాళ్ల చొక్కాలు, సీడీలు అమ్ముతుంటారు. యాప్‌లలో వేలసార్లు వింటే వాళ్లకు వచ్చే డబ్బు కంటే మీరు కొన్న ఒక్క చొక్కా ఎక్కువ ఇస్తుంది. చిన్న కచేరీల్లో పాడినవాళ్లే వచ్చి ఆ బల్ల దగ్గర నిలబడతారు. మాట్లాడండి. నెల్లూరు నుంచి వచ్చామంటే చేపల పులుసు గురించి అడగనివాళ్లు నాకింకా తగల్లేదు.

తిరుగు దారి

చివరి పాట అయ్యాక అందరితో పాటు పరుగెత్తకండి. మెట్రో వేళకు సమయం ఉంటే పది నిమిషాలు అంచున ఆగితే గుంపు పలచబడుతుంది. క్యాబు కావాలంటే గేటు ముందు కాకుండా రెండు వీధులు అవతలికి నడిచి పిలవండి, ధరా తగ్గుతుంది, బండీ చేరుతుంది. సెంట్రల్ చేరాక నీళ్లు తాగండి, ఉప్పున్న మజ్జిగ దొరికితే ఇంకా మంచిది. రాత్రికి రైలు లేకపోతే స్టేషన్ విశ్రాంతి గదులను ముందే ఐఆర్‌సీటీసీలో తీసుకోవచ్చు. వెయిటింగ్ హాలులో రాత్రి గడపాల్సి వస్తే దుప్పటి ఉండాలి, దోమలకు కూడా సంగీతం వచ్చు.

నెల్లూరులో దిగేవాళ్లకు అసలు గండం రైలెక్కాక మొదలవుతుంది. కాళ్లు లాగుతుంటాయి, ప్లగ్గులు తీసిన చెవులకు ఏసీ హోరు జోలపాటలా ఉంటుంది. నెల్లూరులో రైలు నిలిచేది రెండు మూడు నిమిషాలే. 139కి ఫోను చేసి దిగే స్టేషన్‌కు ముందు లేపే ఏర్పాటు చేసుకోవచ్చు. ఫోనులో అలారం గూడూరు వేళకు పెట్టుకోండి. గూడూరు నుంచి నెల్లూరు నలభై కిలోమీటర్ల లోపే, లేచి బూట్లు వేసుకోవడానికి అది చాలు. ఒకసారి నేను అలారం పెట్టకుండా ఒంగోలు మిత్రుణ్ణి నమ్ముకుని పడుకున్నాను. కళ్లు తెరిస్తే కిటికీలో ఒంగోలు బోర్డు.

"లేపలేదేంరా?" అన్నాను.

"అంత హాయిగా నిద్రపోతుంటే ఎలా లేపను? ఇంటికి రా, అమ్మ అట్లు పోస్తుంది. పదింటికి బస్సుంది" అన్నాడు.